కాపురం లెక్క

1992 సెప్టెంబర్‌లో నెల్లూరులో సారా పాటలు జరగాల్సి ఉంది. ఏటా జరిగే తంతే అది. కాంట్రాక్టర్లు కార్లలో వస్తారు, అధికారుల ఎదుట పాట పాడతారు, ఎక్కువకు పాడినవాడికి ఏడాది పాటు ఆ ప్రాంతంలో సారా అమ్ముకునే హక్కు దక్కుతుంది. ఆ ఏడు మాత్రం పాట ముందుకు సాగలేదు. పల్లెల నుంచి ఆడవాళ్లు కదిలి వచ్చి అడ్డం కూర్చున్నారు. అధికారులు వాయిదా వేశారు. కొత్త తేదీకి ఆడవాళ్లు మళ్లీ వచ్చారు, పాట మళ్లీ వాయిదా పడింది. నెల మొత్తం అదే వరస. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి సొంత జిల్లాలోనే, వ్యవసాయ కూలీల ఇళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు ప్రభుత్వ ఖజానాకు పోయే డబ్బు దారికి అడ్డం నిలబడ్డారు.

చరిత్ర దీన్ని సారా వ్యతిరేక ఉద్యమంగా రాసుకుంది. మద్యం మీద ఆడవాళ్లు సాగించిన పోరాటంగా, పంతొమ్మిది వందల తొంభైల రాజకీయాలను మలుపు తిప్పిన ఘట్టంగా చెప్పుకుంటూ వస్తున్నాం. అవన్నీ నిజాలే. అయితే ఆ ఆడవాళ్లు అడిగిందేమిటో ఒకసారి చూడాలి. తాగొచ్చి కొట్టే మొగుడి నుంచి విడిపించమని వాళ్లు ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు. ఊళ్లో కొట్టు తీసేయమన్నారు. కొట్టు లేకపోతే మనిషి ఇంటికొస్తాడు, మనిషితో పాటు కూలి డబ్బులూ ఇంటికొస్తాయి, కాపురం నిలబడుతుంది అన్నారు. తెలుగునాట దాంపత్యం ఎందుకు చెడుతుంది అన్న ప్రశ్నకు జనం నోటి నుంచి వచ్చిన పెద్ద జవాబు ఇదే. అక్కడితో ఆగక, ఆ జవాబును వాళ్లు ఒక పుస్తకంలో లెక్కలుగా రాయడం మొదలుపెట్టారు. ఆ లెక్క ఇప్పటికీ సగమే పూర్తయింది.

నెల్లూరు సీమలో పెళ్లి విరగడం కొత్త సంగతేం కాదు. 1901లో మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో టి. రంగారావు నెల్లూరు జిల్లా యానాదుల జీవితాన్ని రాశారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో దక్షిణాది కులాల ఆచారాలన్నీ గుదిగుచ్చారు. పైకులాల్లో ఆడపిల్లకు ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో పెళ్లి చేసి, ఆ పిల్ల విధవరాలైతే బతుకంతా మూలన కూర్చోబెట్టిన కాలం అది. అదే కాలంలో, అదే జిల్లాలో, కష్టపడి బతికే కులాల ఆచారం వేరుగా ఉండేది. ఈడొచ్చాక పెళ్లి, పొసగకపోతే పెద్దల ముందు తెగతెంపులు, ఆ తర్వాత మారుమనువు. మగపెళ్లివారు ఆడపిల్లవారికి ఓలి ఇచ్చేవారు. పెళ్లాం విడిచిపోయి ఇంకొకరిని కట్టుకుంటే, ఆ కొత్త మొగుడు పాత మొగుడికి ఓలి డబ్బు తిరిగి కట్టడంతో తగవు తీరేది.

ఇందులో ఆడదానికి గొప్ప గౌరవం ఉందని చెప్పడం కష్టం. పంచాయితీలో కూర్చునేది మగవాళ్లే, డబ్బు చేతులు మారేదీ మగవాళ్ల మధ్యే. కానీ ఒక సంగతి మాత్రం ఆ పద్ధతి గుర్తించింది. ఆడమనిషి సంపాదించే మనిషి, ఆమె రెక్కల కష్టానికి వెల ఉంది. చెడిన కాపురాన్ని ఈడ్చుకుంటూ పోకుండా లెక్క తేల్చుకుని బయటపడే దారి కూడా ఉంది. 1955 హిందూ వివాహ చట్టం వచ్చినప్పుడు ఇలాంటి ఆచారపు విడాకులను కొట్టివేయలేదు. 29వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో వాటిని అలాగే ఉండనిచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం నడిచేకొద్దీ ఓలి పోయి కట్నం వచ్చింది. పెద్దింటి అలవాటు కూలి ఇళ్లకూ దిగింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా అది ఆగలేదు. ఓలి ఉన్న రోజుల్లో కూతురు తిరిగొస్తే పుట్టింటివాళ్లు పెద్దల దగ్గరికి పోయి తేల్చుకునేవారు. కట్నం పోసి పంపిన కూతురు తిరిగొస్తే ఇచ్చింది పోయినట్టే, ఇంకో పెళ్లికి మళ్లీ తేవాలి. అందుకే సర్దుకుపొమ్మన్నారు. బయటికి పోయే దారి మూసుకుపోయిన సరిగ్గా ఆ కాలంలోనే కాపురం లోపల ఒత్తిడి పెరిగింది. ఆ ఒత్తిడి పేరు సారా.

సర్కారుకూ సారాకూ ఉన్న చుట్టరికం చాలా పాతది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో కల్లు, సారా ప్రభుత్వానికి నికరమైన రాబడిగా మారాయి. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం కిందికి వచ్చింది, నెల్లూరూ అందులో భాగమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడు నవంబర్‌లో ఈ మద్యనిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం కూలిపోయింది. 1960ల చివరికి వచ్చేసరికి ఆంధ్ర ప్రాంతంలో నిషేధం ఎత్తేశారు. అక్కడి నుంచి లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజ్ రాబడి సుమారు 39 కోట్లు. 1991-92కి అది 812 కోట్లకు చేరింది. ఆ ఎనిమిది వందల కోట్లలో పెద్ద భాగం ఎవరి జేబులోంచి వచ్చిందో చెప్పడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

ఆ రాబడి అంతగా పెరగడానికి తోడ్పడిన వస్తువు అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ ప్యాకెట్టు. అంతకుముందు సారా తాగాలంటే కొట్టు దాకా నడవాలి, అక్కడ నిలబడి గ్లాసులో పోయించుకోవాలి, పదిమంది కళ్లలో పడాలి. 1980లలో వారుణి వాహిని పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో దించింది. ప్యాకెట్టు జేబులో పడుతుంది, సైకిలు సంచిలో వందలు పడతాయి. అమ్మేవాడు చేలగట్టు మీదికి వచ్చాడు, వీధి అరుగు మీదికి వచ్చాడు, ఆఖరికి ఇంటి గుమ్మం ముందుకూ వచ్చాడు. చేతిలో డబ్బుల్లేకపోతే అరువు పెట్టాడు. వారం చివర కూలి డబ్బులు వచ్చిన రోజు అదే మనిషి వసూలుకు నిలబడ్డాడు.

కూలి ఇంటి డబ్బు ఎలా నడుస్తుందో తెలిస్తేనే ఆ ప్యాకెట్టు చేసిన చేటు అర్థమవుతుంది. పెన్నా డెల్టాలో వరి నాట్లు, కలుపు, కోతల రోజుల్లో మగా ఆడా ఇద్దరికీ పని ఉంటుంది. ఆ కాస్త రోజుల్లో సంపాదించింది పనుల్లేని నెలలకు సాగాలి. బియ్యం, పప్పు, ఉప్పు, పిల్లల జబ్బులు, పండగకో గుడ్డ, చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు మీద వడ్డీ. ఇన్నిటిలో దేన్నీ ఆపడానికి లేదు. ఆడమనిషి కూలి మగవాడి కూలి కంటే తక్కువ, అయినా అది నేరుగా ఎసట్లోకి పోయేది. మగవాడి కూలి దారిలో ఆగిపోయేది. అది చాలనప్పుడు ఆమె దాచుకున్న నాలుగు రూపాయలకూ చెయ్యి చాచేవాడు. ఇవ్వనంటే తన్నులు. బియ్యం గింజలు, ఇంట్లో సామాను, చివరికి మెడలోని తాళిబొట్టు కూడా సారా బాకీ కింద పోయిన ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య ప్రేమ ఉందా లేదా అన్న విచారణకు చోటెక్కడిది? రేపటి గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి ముందు ఇంట్లో రేపటికంటూ ఒక రూపాయి మిగిలి ఉండాలి.

విచిత్రం ఏమిటంటే, ఈ కాపురాలకు చట్టంలో జవాబు లేదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో విడాకులకు కారణాలు వరసగా ఉంటాయి. క్రూరత్వం ఉంది, విడిచిపోవడం ఉంది, మతిస్థిమితం లేకపోవడం ఉంది. తాగుడు అన్న మాట మాత్రం లేదు. తాగుడు వల్ల జరిగిన క్రూరత్వాన్ని నిరూపించుకోవాల్సిందే. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు 1976 సవరణతో వచ్చింది గానీ, తాగినవాడి అంగీకారం ఎవరు తేగలరు? గృహహింస నుంచి రక్షణ ఇచ్చే చట్టం రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. కాపురాన్ని కూల్చే కారణాల్లో అన్నిటికంటే మామూలు కారణాన్ని పేరు పెట్టి చెప్పని చట్టం ముందు నెల్లూరు ఆడవాళ్లు తమ దారి తామే వెతుక్కున్నారు.

ఆ దారి బడిలో మొదలైంది. పొనకా కనకమ్మ 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించి ఆడపిల్లలకు చదువు తెచ్చారు. ఆమెకు చిన్నతనంలోనే పెళ్లయింది, చదువంతా సొంతంగా సంపాదించుకున్నదే. ఆ వెలుగు పట్టణం దాటి కూలి ఇళ్లకు చేరడానికి దాదాపు డెబ్భై ఏళ్లు పట్టింది. 1991లో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం అక్షరదీపం పేరుతో నెల్లూరు జిల్లాలో మొదలైంది. ప్రభుత్వంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి సంఘాల కార్యకర్తలు ఊరూరా తిరిగారు. రాత్రి పనులన్నీ ముగిశాక లాంతరు వెలుతురులో ఆడవాళ్లు పలక పట్టారు. వాచకాల్లో అ అంటే అమ్మ అన్న రకం పాఠాలకు బదులు వాళ్ల బతుకే కనిపించింది. కనీస కూలి గురించి, ఊరి నీళ్ల గురించి, తాగుబోతు మొగుడితో వేగిన సీతమ్మ గురించి చదివారు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన కథ తమదేనని వాళ్లకు తోచింది.

తీరానికి దూరంగా, కలిగిరి మండలం మెట్ట ప్రాంతంలో ఉన్న దూబగుంట పేరు ఈ చరిత్రలో ముందుగా వినిపిస్తుంది. వర్ధినేని రోశమ్మ ముందుండగా ఆ ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఊరి పేరే ఇంటిపేరై ఆమె దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. 2016లో కన్నుమూసేదాకా ఆ పేరుతోనే బతికింది. దూబగుంట ఆడవాళ్లు చేసింది ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా వాచకంలోకి ఎక్కింది. దాన్ని చదివిన పక్క ఊళ్లవాళ్లు, వాళ్లు చేయగలిగింది మనమెందుకు చేయలేం అనుకున్నారు. మెట్ట నుంచి డెల్టాకు, కోవూరు లేగుంటపాడు దాకా, అక్కడి నుంచి తీరం ఊళ్లకూ పాకింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి పొలిమేరలో కాపలా కాశారు. ప్యాకెట్లను కుప్పపోసి తగలబెట్టారు. మాట వినని తాగుబోతులకు గుండు గీయించి ఊరేగించారు. ‘ఈనాడు’ ‘సారాపై సమరం’ అంటూ రోజూ పేజీ కేటాయించింది. వావిలాల గోపాలకృష్ణయ్య వంటి పెద్దలు వెంట నడిచారు.

సంసారం గుట్టు, రోగం రట్టు అని మనవాళ్ల సామెత. రోగమైతే నలుగురికీ చెప్పుకోవాలి, సంసారం సంగతి మాత్రం గడప దాటకూడదు. నెల్లూరు ఆడవాళ్లు ఆ సామెతను తిరగేశారు. నీ మొగుడు నిన్న కొట్టాడా అని రాత్రి బడిలో ఒకామె అడిగితే, కొట్టాడని ఇంకొకామె పదిమందిలో ఒప్పుకుంది. అప్పటిదాకా ఎవరికి వారు తమ తలరాత అనుకున్నది ఊరి లెక్క అయింది. ఇంటింటా ఒకేలాంటి దెబ్బలు, ఒకేలాంటి బాకీలు, ఒకటే కొట్టు. కాపురం చెడటానికి కారణాన్ని ఆడదాని నోటి దురుసులోనో జాతకంలోనో వెతికే అలవాటుకు ఇంత గట్టి దెబ్బ మరెప్పుడూ తగల్లేదు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అక్టోబర్ 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా నిషేధించింది. 1994 డిసెంబర్‌లో ఎన్టీ రామారావు ప్రమాణ స్వీకారం చేస్తూనే సంపూర్ణ మద్యనిషేధానికి సిద్ధమయ్యారు. 1995 జనవరి నుంచి అది అమలైంది. 1997లో సడలింది. ఈ వరస చాలామందికి తెలిసిందే. అంతకంటే తక్కువగా చెప్పుకునేది నిషేధం వచ్చిన ఏడాది నెల్లూరు పల్లెల్లో మొదలైన ఇంకో పని.

కొట్టు మూతపడ్డాక చేతిలో మిగిలిన రూపాయిని ఏం చేయాలి? ఆడవాళ్లు దాన్ని దాచడం మొదలుపెట్టారు. రోజుకో రూపాయి, నెలకు ముప్పయి. పదిహేను మందో ఇరవై మందో కలిస్తే ఒక సంఘం. పొదుపులక్ష్మి అని పేరు. కొద్ది కాలంలోనే జిల్లాలో వేల సంఘాలు లేచాయి. 1982లో కేంద్రం తెచ్చిన డ్వాక్రా పథకం అప్పటికే ఉన్నా, ఆంధ్రలో దానికి ప్రాణం పోసింది ఈ పొదుపు ఉద్యమమే. 1992లో నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే ఏర్పాటు చేయడంతో, పదేళ్లు తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్ మహిళా సంఘాలు దేశంలోనే ముందు వరుసలో నిలిచాయి. ఆ మొలక నెల్లూరు మట్టిలో వేసింది.

సంఘం మీటింగులో తీర్మానాల పుస్తకం తెరిస్తే ఒక కాపురం ఎలా నడుస్తుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల మధ్యలో చాప మీద ఆ పుస్తకం ఉంటుంది. పేరు, పొదుపు, తీసుకున్న అప్పు, కట్టాల్సిన కంతు, చివర సంతకం. పాత పుస్తకాల్లో సంతకానికి బదులు వేలిముద్రలు, తర్వాతి పేజీల్లో వంకర టింకర అక్షరాలు, ఇంకా తర్వాత సాఫీగా సాగిన సంతకాలు. అప్పు దేనికి అన్న గడిలో పాప ఆపరేషను, గేదె, వల, ఇంటి కప్పు, తాకట్టు విడిపింపు, కూతురి పెళ్లి అని రాసి ఉంటుంది. ఇంట్లో మొగుడితో జరగాల్సిన మాటలు అవన్నీ. ముందు గేదె కొందామా, కప్పు వేయించుకుందామా? అప్పు ఎన్ని నెలల్లో తీరుతుంది, తీర్చే నెలల్లో పని ఉంటుందా? ఆలుమగలు కూర్చుని తేల్చుకోవాల్సిన ఈ ప్రశ్నలను పద్నాలుగు మంది ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కూర్చుని తేల్చుకోవడం ఆమె నేర్చుకుంది.

ఇది ఎంత గొప్పదో, ఇందులో లోటు కూడా అంతే పెద్దది. ఆ పుస్తకంలో మగవాడు లేడు. ఆమె పొదుపు, ఆమె అప్పు, ఆమె సంతకం, కంతు కట్టే బాధ్యత ఆమెది. ఆయన ఎంత సంపాదిస్తున్నాడో, ఎంత ఖర్చు పెడుతున్నాడో, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాడో ఏ గడిలోనూ కనిపించదు. చాలా ఇళ్లలో లోను ఆమె పేరున వచ్చి ఆయన చేతికి పోయింది, తీర్చడం మాత్రం ఆమె వంతయింది. సర్కారు పథకాలూ ఇదే దారి పట్టాయి. అప్పు ఆడవాళ్ల పేరున, ఇంటి పట్టా ఆడవాళ్ల పేరున. ఆమె చేతికి బలం వచ్చిన మాట నిజం. ఇంటి లెక్క ఇద్దరిదీ కావాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. 2010లో సూక్ష్మరుణ కంపెనీల వారం వారం వసూళ్లకు తాళలేక రాష్ట్రంలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఒకే ఇంట్లో మూడు నాలుగు చోట్ల అప్పులున్నా ఆలుమగల్లో ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియని ఇళ్లు అప్పుడు బయటపడ్డాయి.

తీరం ఊళ్లలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె, కృష్ణపట్నం వరసలోని మత్స్యకారుల పల్లెల్లో కాపురానికి వేరే కొలత ఉండేది. మగవాడు తెప్ప మీద సముద్రంలోకి పోతాడు. పడవకో పాలు, వలకో పాలు, మనిషికో పాలు. ఒడ్డుకు వచ్చాక చేప ఆడదాని గంపలోకి ఎక్కుతుంది. ఆమె ఊళ్లు తిరిగి అమ్ముతుంది, డబ్బు ఆమె చేతికి వస్తుంది. ఆయన పట్టందే ఆమె అమ్మలేదు, ఆమె అమ్మందే ఆయన కష్టం డబ్బుగా మారదు. ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే ఇద్దరికీ లెక్క తెలిసే ఏర్పాటు ఇది. ఈ మత్స్యకారుల్లో పట్టపు కులంవాళ్ల పల్లెల్లో కాపులనే ఊరి పెద్దలు ఉంటారు. వేట వేళల నుంచి ఆలుమగల తగవుల దాకా వాళ్ల ముందుకే వస్తాయి. వాళ్లు దురాయి వేశారంటే ఊరంతా కట్టుబడాల్సిందే. అయితే ఆ కాపుల వరసలో ఆడమనిషి లేదు. చేపల లెక్క ఆమెకు తెలుసు, తగవులో మాత్రం ఆమె మాట ఆఖరున వినబడుతుంది.

తర్వాత ఫైబర్ బోట్లు, ఇంజన్లు వచ్చాయి. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత సాయంగా అందిన బోట్లతో అవి మరీ పెరిగాయి. డీజిలుకూ వలలకూ పెట్టుబడి కావాలి, దాన్ని వ్యాపారి ఇస్తాడు, ఇచ్చినందుకు చేప అతనికే వేయాలి. ఐసు పెట్టెలతో లారీ ఒడ్డుకే వస్తుంది, డబ్బు నేరుగా మగవాడి చేతిలో పడుతుంది. గంప పక్కకు పోయింది. దానితో పాటు ఇంటి లెక్కలో ఆమె మాటా పలచబడింది. యంత్రం వస్తే శ్రమ తగ్గుతుందని అందరూ సంతోషించారు, ఆ సంతోషం న్యాయమైనదే. ఆలుమగల మధ్య ఉన్న ఒక ముడి కూడా అదే ఊపులో తెగిపోయిందని గమనించినవాళ్లు తక్కువ.

రొయ్యల చెరువులదీ అలాంటి కథే, కాకపోతే ఇంకా వేగంగా నడిచింది. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా చెరువులు తవ్వారు. వరి పొలాలు ఉప్పునీటి చెరువులయ్యాయి. ఒక్క పంటకు చేతికి వచ్చే డబ్బు వరిలో ఏళ్ల తరబడి కష్టపడినా రాదు. ఆ ఆశ మీద భూమి తాకట్టు పెట్టారు, పెళ్లాల నగలు తాకట్టు పెట్టారు. 1994లో వైరస్ తెగులు చెరువులకు చెరువులనే తుడిచిపెట్టింది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీరప్రాంత రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 తర్వాత వనామి రకంతో సాగు మళ్లీ పుంజుకుంది. ఈ చరిత్రను ఎకరాల్లో, టన్నుల్లో, డాలర్లలో రాస్తారు. నగలు తాకట్టుకు పోయిన రోజు పెళ్లాన్ని అడిగారా, అడిగితే ఆమె ఏమంది అన్నది ఎక్కడా రాయలేదు. తాగుడు వల్ల పోయిన పైసాకు ఊరంతా కన్నీరు పెట్టింది. మొగుడు ఒక్కడే నిర్ణయించుకుని చెరువులో పోసిన లక్షలను మాత్రం దురదృష్టం అనుకుని ఊరుకుంది. ఇల్లాలి వైపు నుంచి చూస్తే రెండింటికీ తేడా అంత పెద్దది కాదు. రెండుచోట్లా ఆమె బతుకును ఆమెను అడగకుండానే పణంగా పెట్టారు.

ఏప్రిల్ 15. నెల్లూరు జిల్లాలో సారా ఆగిన తేదీ. ఇప్పుడు తీరంలో ఆ తేదీన సముద్రపు వేట ఆగుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలకూడదు. రెండు నెలలు రాబడి ఉండదని ముందే తెలుసు, ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో కూడా తెలుసు. ఇంత కచ్చితంగా తెలిసిన కష్టకాలం ఇంకే వృత్తిలోనూ ఉండదు. అందుకే ఆలుమగలు కలిసి లెక్క వేసుకోవడానికి ఇంతకంటే మంచి అదను లేదు. సంక్రాంతి నాటికే ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవచ్చు. ఈ మూడు నెలల్లో వేటలో వచ్చేది ఎంత, వ్యాపారి బాకీ ఎంత, వల బాగుచేయడానికి ఎంత, వేట లేని తొమ్మిది వారాలకు బియ్యానికీ కూరకూ ఎంత. ఆ రోజుల్లో ఆయన కూలికి పోతాడా, ఆమె ఎండుచేపలు అమ్ముతుందా? తెలిసిన బాకీ ఏదీ దాచకుండా, ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్లకు చెప్పకుండా కొత్త అప్పు చేయకుండా ఉండాలన్నది ఆ కాగితానికి మొదటి షరతు. సంఘం పుస్తకం రాసిన చేతికి ఈ కాగితం రాయడం కష్టం కాదు. కష్టమల్లా పక్కన ఆయన్ను కూర్చోబెట్టడంలో ఉంది.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే డబ్బు రెండు దారుల్లో వస్తోంది. వేట నిషేధ కాలానికి ఇచ్చే సాయం 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు అయింది. అది సముద్రంలోకి పోయే మనిషి ఖాతాలో పడుతుంది. డ్వాక్రా లోను ఆడమనిషి ఖాతాలో పడుతుంది. ఇంట్లో పొయ్యి ఒకటే అయినా ఖాతాలు రెండు. ఒకదానికి బోటు యజమాని, వ్యాపారి కాచుకుని ఉంటారు, ఇంకోదానికి నెల కంతు కాచుకుని ఉంటుంది. రెండు ఖాతాల పుస్తకాలూ ఒక్కచోట తెరిచిన ఇళ్లలో ఆ ఇరవై వేలు బియ్యానికి, వలకు, వడ్డీకి ఎంతెంత అని ముందే పంచుకుంటారు. అలా తెరవని ఇళ్లలో ఆయన డబ్బు ఆయన బాకీలకూ ఆమె లోను ఆమె కంతులకూ పోతాయి, మే నెల మధ్యలో ఇద్దరూ చెరొక చోట నూటికి మూడు రూపాయల వడ్డీకి చేయి చాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో బడులు మామూలుగా తెరిచేది జూన్ 12న. బోట్లు మళ్లీ నీళ్లలోకి దిగేది 15న. పిల్లల ఫీజులు, పుస్తకాలు, బూట్లు కొనాల్సింది ఆ మూడు రోజుల ముందు, ఇంట్లో చిల్లిగవ్వ లేని వారంలో. తీరం ఊళ్లలో ఏడాదికి ఒకసారి తప్పకుండా రేగే పెద్ద గొడవ ఆ వారంలోదే.